తోస్తే స, లాగితే రి

చెరువు గట్టు మీద రాత్రి కాపలా నాది.
మొగల్తూరు అవతల, ఉప్పుటేరుకి ఇవతల
నాలుగెకరాల రొయ్యలు, ఎనిమిది ఏరేటర్లు,
ఒక టార్చిలైటు, ఒక ఫోను.

ఆ ఫోనులోనే విన్నాను మొదట దాన్ని.
లూసియానా అట. కేజన్ వాళ్ళట.
మాట ముక్క అర్థం కాలేదు గాని
వెనకాల కనపడిందంతా నాకు తెలిసిందే:
వరి కోసేసిన మడిలో నిలవ నీళ్ళు,
నీళ్ళల్లో రొయ్యకి పెదనాన్న వరసయ్యే ఏదో జీవి,
వరదగట్టు మీద ఒరిగిపోయిన కరెంటు స్తంభం.
ఒక ముసలాయన, బనీను మీదే,
బిస్కెట్ల డబ్బా అంత పెట్టెని
తోస్తున్నాడు, లాగుతున్నాడు.
పది బొత్తాలు. అంతే.
మా ఎనిమిదో ఏరేటరు చక్రం
సరిగ్గా ఆ తాళానికే తిరిగింది, ఒట్టు.

పట్టుబడి అయ్యాక పద్దెనిమిది వేలు మిగిలాయి.
"ఫ్రిజ్జు నీళ్ళు కారుతోంది" అంది సుభాషిణి.
ఇంకేమీ అనలేదు.
అదే ఎక్కువ.

పాలకొల్లులో కరీముల్లా గారి కొట్టు.
నాటకాల హార్మోనీలకి ఊపిరి పోస్తారు.
దండెం మీద తోలుతిత్తులు, ఎండుచేపల్లా.
"ఆయ్, ఇదెందుకండీ నూకరాజు గారూ?
నల్లమెట్లు లేవు. పద్యం ఎత్తుకుంటే
సగం దారిలో దింపేస్తుంది."
"పద్యానికి కాదండి."
"మరి?"
ఏరేటరు సంగతి ఎలా చెప్పను?

మూడున్నాయి.
ఎర్రది నా చెయ్యి పట్టుకుంది ముందు,
తీర్థంలో బొమ్మలా తళుకులేసుకుని.
"బొత్తం ముట్టుకోకండి. పట్టీ పట్టుకుని
అలా వేలాడదీయండి" అన్నారు.
తిత్తి గబుక్కున జారింది.
"గండి పడ్డ గట్టండీ. గాలి నిలవదు."

రెండోది యానాంలో ఎవరో పరాసు దొర అటకమీదిది.
ముత్యపుచిప్ప బొత్తాలు.
నాకు అదే కావాలి. అప్పటికే
దాంతో గట్టు మీద కూర్చున్నాను మనసులో.
"ఒక్కొక్కటీ తోసి చూడండి, లాగి చూడండి."
ఏడో బొత్తం తోస్తే పలికింది.
లాగితే దగ్గింది.
ఉప్పుగాలి రీడుని తినేసింది.
"బాగుచేయొచ్చు కదండి?"
"చేయొచ్చు. మొదటిది మాత్రం ఇది కాకూడదు.
నేర్చుకునేవాడికి చెడ్డ పెట్టె ఇస్తే
పెట్టె తప్పుని తన తప్పనుకుంటాడు.
నేనూ అలాగే మానేశాను."
ఏం మానేశారని నేనడగలేదు.
ఆయన మైనం కరిగిస్తున్నారు.

మూడోదానికి అందం లేదు.
టీపొడి పెట్టె రంగు. ఒకటి శ్రుతి.
"రెండు శ్రుతిలో లేదాండి?"
"నలుగురితో కలవాలంటే ఒకటే మంచిది."
"నలుగురెక్కడున్నారండి ఈ చుట్టుపక్కల?"
"ముందు మీరొకరుండండి."

తోశాను: స.
అదే బొత్తం, అదే వేలు, లాగాను: రి.
స గ ప లు తోపులో, రి మ ద ని లు లాగులో.
మా ఉప్పుటేరు కూడా అంతే,
పోటుకి ఒక రుచి, పాటుకి ఒక రుచి,
ఏరు మాత్రం ఒకటే.

ఇరవై రెండు వేలన్నారు.
మిగతా నాలుగూ వచ్చే పంటకి,
తెల్లమచ్చ తెగులు రాకపోతే.
"వస్తేనండి?"
"వస్తే వాయించుకుంటూ ఉండండి.
రోహిణి కార్తెలో రేకుల షెడ్డులో ఉంచకండి,
మైనం కారిపోద్ది.
ముసురు పట్టినప్పుడు బియ్యం డబ్బా పక్కన పెట్టండి."

సుభాషిణి దాన్ని ఒకసారి ఎత్తి చూసింది.
"చంటిపిల్ల బరువుంది" అని
బియ్యం డబ్బా కాస్త పక్కకి జరిపింది.

ఆ రాత్రి స్వరాల జోలికి పోలేదు.
ఎడమచేతి బొటనవేలి కింద గాలిబొత్తం నొక్కి
ఊరికే తెరిచాను, మూశాను.
తరవాత ధైర్యం చేసి, మూడో బొత్తం.
స.
రి.
స.

అవతలి చెరువు గట్టు మీంచి టార్చి వెలిగింది.
గంగరాజు కేకేశాడు:
"ఒరే నూకరాజూ,
నీ ఏరేటరు ఏదో మూలుగుతోంది, చూడు!"